ముప్పై ఎనిమిదో వరుస

తొంభైల్లో మా ఇంటి అరుగు మీద ఎప్పుడు చూసినా సీసాలుండేవి. ఒకదాంట్లో నూతి నీరు, ఒకదాంట్లో బోరు నీరు, ఇంకోదాంట్లో చేపల చెరువు నీరు. నేను అమలాపురంలో డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతానని తెలిసిన ప్రతివారూ పొద్దున్నే సీసా పట్టుకుని వచ్చేసేవారు. "మేడంగారండీ, ఈ నీళ్ళతో కందిపప్పు ఉడకట్లేదండీ, కాస్త చూసి పెడుదురూ" అని సీసా అక్కడ పెట్టి, కాఫీ ఇస్తానన్నా ఆగకుండా వెళ్ళిపోయేవారు.

"నాది ఆ కెమిస్ట్రీ కాదండీ" అని మొదట్లో ఓపిగ్గా చెప్పేదాన్ని.

"మరి ఏ కెమిస్ట్రీ అండీ?"

"లెక్కలతో చేసేదండీ."

"ఆయ్... లెక్కల మేష్టారుగారు వేరే ఉన్నారు కదండీ?"

ముక్కు మీదే ఉండేది నాకు కోపం. ఆ సీసాలన్నీ సాయంత్రం మందారమొక్కకి పోసేసేదాన్ని. ఆ మొక్క మాత్రం బ్రహ్మాండంగా పూసేది.

అసలు సంగతి చెప్పాలంటే, నాకు గాజు సామానంటే హడలు. బీయస్సీలో పిపెట్‌తో యాసిడ్ నోట్లోకి పీల్చుకున్న ఘనురాల్ని నేను. టైట్రేషన్‌లో రంగు ఎప్పుడు మారిందో నాకు ఏనాడూ తెలిసేది కాదు. పక్కమ్మాయి పది పాయింట్ రెండు అంటే నేనూ పది పాయింట్ రెండు, మరోసారి పది పాయింట్ రెండు, నమ్మకం కుదరడానికి మధ్యలో ఒక పది పాయింట్ ఒకటి. దాన్ని మేం "వండడం" అనేవాళ్ళం. నా రికార్డులో స్వయంగా చూసి రాసిన రీడింగు ఒక్కటైనా ఉందా అంటే, ఉందని ఒట్టు పెట్టలేను. మాష్టార్లకీ తెలుసు. వాళ్ళూ వండుకుని పాసైనవాళ్ళే కాబట్టి ఎర్రసిరాతో టిక్కు పెట్టేసేవారు.

ఎమ్మెస్సీలో ఒకాయన బోర్డు మీద ఒక సమీకరణం వేసి, దీన్ని సాధిస్తే నీటి అణువు ఏ ఆకారంలో ఉంటుందో దాన్ని ముట్టుకోకుండానే చెప్పొచ్చన్నారు. ముట్టుకోకుండానే! ఆ మాటకి నేను ఫ్లాటైపోయాను. బ్యూరెట్ కడగక్కర్లేని కెమిస్ట్రీ ఒకటుందని దేవుడు నాకోసమే కనిపెట్టినట్టనిపించింది. అలా సిద్ధాంత రసాయనంలో పడ్డాను. ఉద్యోగం, పెళ్ళి, ఇద్దరు పిల్లలు, మధ్యలో పార్ట్‌టైం పీహెచ్‌డీ. గైడుగారు విశాఖపట్నంలో ఉండేవారు. ఒక్కో చాప్టర్ పట్టుకెళ్ళినప్పుడల్లా ఆత్రేయపురం పూతరేకుల పెట్టె ఒకటి పట్టుకెళ్ళేదాన్ని. ఆయన పెట్టె అందుకున్నంత సంతోషంగా చాప్టర్ ఎప్పుడూ అందుకోలేదు.

అలా తాపీగా ఎనిమిదేళ్ళు గడిచాక యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. ఆర్నెల్లు గడువు ఇస్తున్నాం, ఇదే ఆఖరిది, ఆ లోపల థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు అని. ఎనిమిదేళ్ళ పని. పిల్లలు నిద్రపోయాక చేసుకున్నది, బస్సులో మోకాళ్ళ మీద కాగితాలు పెట్టుకుని చేసుకున్నది. అదంతా చిత్తుకాగితాలైపోతుందని తెలిశాక నిజంగా ఏడుపొచ్చింది.

మిగిలింది ఒకే ఒక్క లెక్క. ఒక అణువు ఉంది. దాని లోపలి హైడ్రోజన్ ఒక చోటు వదిలి పక్కచోటికి మారుతుంది. మారిన తర్వాత అణువు ఏ ఆకారంలో స్థిమితపడుతుందన్నది తేలాలి. కంప్యూటర్ ఆ ఆకారాన్ని కొద్దికొద్దిగా కదుపుతూ, కదిపిన ప్రతిసారీ శక్తి ఎంతో లెక్కగడుతుంది. శక్తి ఇక తగ్గని చోటు దొరికితే పని అయినట్టు. ఒక్కో స్టెప్పుకి రెండు గంటలు. మొత్తం అయిదారు రోజులు. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికి.

కరెంటు పోకుండా అయిదు రోజులు! మా ఇంట్లో అయిదు గంటలే గగనం.

కాలేజీలో పెట్టించాను. మూడుసార్లు మొదలెట్టాను, మూడుసార్లూ పొద్దున వెళ్ళేసరికి తెర నల్లగా ఉంది. మూడోసారి "ఆపవద్దు" అని పెద్ద అక్షరాలతో కాగితం అంటించి మరీ వెళ్ళాను. మా అటెండరుగారు ముప్పై ఏళ్ళ సర్వీసున్న మనిషి. సాయంత్రం అయిదున్నరకి మెయిన్ స్విచ్ తీసి, లాగి చూసి, తాళం వేస్తే గాని ఆయనకి రోజు పూర్తయినట్టుండదు.

"కాగితం చూశారా?" అన్నాను పళ్ళు కొరుకుతూ.

"ఆయ్, చూసేనండి. అందుకే మీ కంప్యూటర్ ముట్టుకోలేదండి. మెయిన్ ఒక్కటే తీసేను."

గడువులో నాలుగు నెలలు ఇలాగే హరించుకుపోయాయి.

మా చినమామగారు, అంటే మా మామగారి తమ్ముడు, మురమళ్ళ దాటాక ఉన్న వరిచేను తవ్వించి రొయ్యల చెరువు చేశారు. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల అందరిదీ అదే వరస. ఒక ఆదివారం ఆయన మా ఇంటికి వచ్చి, నా ముఖం చూసి సంగతేమిటని అడిగారు. కరెంటు గురించి కడుపులో ఉన్నదంతా కక్కేశాను.

ఆయన నింపాదిగా విని, "అయిదు రోజులు ఆగకుండా కరెంటే కదమ్మా కావాల్సింది? చెరువు దగ్గర పెట్టుకో" అన్నారు.

"చెరువు దగ్గరా మామయ్యగారూ?"

"నీళ్ళలో గాలి చక్రాలు ఆగేయంటే రొయ్యలన్నీ చచ్చి తేలిపోతాయి. అందుకని లైను పోయిన రెండు నిమిషాల్లో జనరేటర్ వేసేస్తారు. జిల్లా మొత్తానికి కరెంటు పోయినా మా చెరువుకి పోదు. ఏం, నీ అణువులు మా రొయ్యల పక్కన ఉండలేవా?"

ఆ గాలి చక్రాల్ని వాళ్ళు ఏరేటర్లనేవారు. నా దగ్గరున్న చిన్న యూపీఎస్ పదినిమిషాలు ఆగుతుంది. రెండు నిమిషాలు దానికో లెక్కా! మర్నాడే కంప్యూటర్‌ని బొంతలో చుట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని మురమళ్ళ మీదుగా చెరువుకి బయల్దేరాను. మావారు కీబోర్డు పట్టుకుని పక్కన కూర్చున్నారు. దారిలో ఎవరో ఆటో ఆపి, టీవీ బాగుచేయిస్తున్నారాండీ అని అడిగారు. అవునన్నాను.

చెరువు గట్టు మీద తాటాకుల షెడ్డు, సగం నిండా మేత బస్తాలు, ఓ నులక మంచం, ఓ బల్ల. షెడ్డు ముందు ఒక తొట్టిలో ఊదారంగు నీళ్ళు. అక్కడ నిలబడి ఉన్న పెద్దాయన నన్ను ఆపేశారు.

"చెప్పులు ఇక్కడ వదిలేసి కాళ్ళు ఆ నీళ్ళలో ముంచి రండి మేడంగారండీ. బయట జబ్బు లోపలికి రాకూడదండి."

అది పర్మాంగనేట్. కెమిస్ట్రీ మేడంకి పర్మాంగనేట్‌లో కాళ్ళు ముంచమని చెప్పిన మొదటి మనిషి ఆయన. ముంచాను. వారం రోజులు నా పాదాలు గోధుమరంగులో ఉన్నాయి.

ఆయనే ఆ చెరువుకి కాపలా. యాభై దాటాయి. గోదావరి సముద్రంలో కలిసే దగ్గర పుట్టి, పడవల మీద పెరిగి, వేట తగ్గాక చెరువు పనికి వచ్చారు. చదువు అయిదో తరగతి. పొద్దున్నే నీటిలో ఆక్సిజన్ ఎంతుందో ఆయనే చూసేవారు. చిన్న సీసాలో నీరు పట్టి, చుక్కలు లెక్కపెట్టి వేసి, రంగు మారగానే ఆపేసేవారు. ఒక్క చుక్క ఎక్కువ పడేది కాదు. టైట్రేషన్ అది. పక్కన నిలబడి చూస్తే నాకు సిగ్గేసింది.

నేను కంప్యూటర్ బల్ల మీద పెట్టి, లెక్క మొదలెట్టి, ఆయనకి పని అప్పగించాను. తెర మీద రెండు గంటలకో అంకె వస్తుంది. కొత్తది రాగానే పాతది చెరిగిపోతుంది. వచ్చినప్పుడల్లా రాసి ఉంచితే, మధ్యలో ఏదైనా జరిగినా ఎంతవరకు వచ్చామో తెలుస్తుంది.

"అంకె ముందు మైనస్ గీత ఉంటుంది. కాబట్టి అంకె పెరిగిన కొద్దీ శక్తి తగ్గినట్టు" అని వివరించాను. మా ఫైనలియర్ వాళ్ళు కూడా ఇక్కడే తికమకపడతారు.

"లోతు చూసినట్టన్నమాటండి. అంకె పెరిగితే అడుక్కి వెళ్ళినట్టు."

"అంతే" అన్నాను, కాస్త తేరుకుని.

నేను కొత్త లాంగ్ నోట్‌బుక్ ఇస్తే ఆయన పక్కన పెట్టేశారు. "రెండు పుస్తకాలైతే ఒకటి మర్చిపోతామండి" అని, చెరువు పుస్తకమే తీసి చివర ఇంకో గడి గీశారు. తేదీ, వేళ, ఎంత మేత, చెక్ ట్రేలో ఎంత మిగిలింది, నీటిలో గాలి, నీటి రంగు, సంగతులు. చెక్ ట్రే అంటే మేత తిన్నాయో లేదో చూడ్డానికి నీళ్ళలో వేలాడదీసే వల పళ్ళెం. అవన్నీ అయ్యాక కొత్త గడి. దాని మీద "పెట్టె" అని రాశారు. రొయ్యల మేతా, నా క్వాంటం మెకానిక్సూ ఒకే వరుసలోకి వచ్చేశాయి.

ఇక్కడ నా ఘనకార్యం ఒకటి చెప్పాలి. గడువుకి ఏడు వారాలే ఉందన్న తొందరలో, కంప్యూటర్‌ని కొంచెం పెద్ద అంగలు వెయ్యమని ఇన్‌పుట్‌లో మార్చాను. తొందరగా గమ్యం చేరుతుంది కదా అని. మా విద్యలో కొత్తగా చేరినవాళ్ళు చేసే పని అది. ఎనిమిదేళ్ళు చేశాక నాలాంటి తెలివైనవాళ్ళు కూడా చేస్తారు.

రెండోరోజు సాయంత్రం కాలేజీ నుంచి బస్సెక్కి వెళ్ళాను. కాళ్ళు ముంచి లోపలికి వెళ్ళగానే పెద్దాయన పుస్తకం పట్టుకొచ్చారు.

"మేడంగారండీ, ఒక మాటండి. పొద్దున్నుంచీ ఈ పెట్టె రెండే అంకెలు చెబుతోందండి. చివర నాలుగు వందల పదిహేడు, తరవాత అయిదు వందల ముప్పై మూడు. మళ్ళీ నాలుగు వందల పదిహేడే. అటూ ఇటూ ఊగుతోందండి."

పొద్దున్న అయిదు పీరియడ్లు చెప్పి, బస్సులో నిలబడి వచ్చిన మనిషిని. ఒళ్ళు మండింది.

"అది అలాగే ఉంటుందండీ. లెక్క సంగతి మీకెందుకు? మీరు రాస్తే చాలు" అన్నాను.

"ఆయ్" అన్నారు ఆయన. పుస్తకం మూసి, మేత కలపడానికి వెళ్ళిపోయారు.

తర్వాత రెండురోజులు పరీక్ష డ్యూటీ పడి వెళ్ళలేకపోయాను. అయిదోరోజు వెళ్ళి పుస్తకం తెరిచాను. పేజీన్నర. నాలుగు వందల పదిహేడు, అయిదు వందల ముప్పై మూడు, నాలుగు వందల పదిహేడు, అయిదు వందల ముప్పై మూడు. రోజుకి పన్నెండు చొప్పున, ఒకటీ వదలకుండా, గుండ్రంగా రాసి ఉన్నాయి. నేను వేయమన్న పెద్ద అంగ గుంటని దాటి అవతల గట్టు మీద పడుతోంది. అక్కణ్ణుంచి మళ్ళీ అంతే అంగ వేసి ఇవతల గట్టుకి వస్తోంది. ఏడాది నడిపినా అది అడుక్కి దిగదు.

మేత బస్తా మీద కూలబడిపోయాను. నాలుగు రోజులు పోయాయి. అవి పోయినందుకు కాదు అంత బాధ. రెండోరోజే చెప్పిన మనిషి నోరు నేనే మూయించానని.

"మీరు చెప్పింది నిజమేనండీ. తప్పు నాదే. ఆ రోజు విసుక్కున్నాను, ఏమీ అనుకోకండి" అన్నాను.

"అయ్యో, అదేంటండీ. మీరు కాలేజీ నుంచి అలిసిపోయొచ్చేరు కదండీ" అని, కొబ్బరిబొండం కొట్టి చేతికిచ్చారు.

అంగ చిన్నది చేసి మళ్ళీ మొదలెట్టాను. ఈసారి నేను రోజూ వెళ్ళాను. గట్టు మీదికి రాగానే నా మొదటి ప్రశ్న, "ఎంతకి దిగిందండీ?" లెక్క అడుక్కి దిగుతూనే ఉంది. చినమామగారు కూడా రొయ్యల బరువు అడిగే ముందు పెట్టె ఎలా ఉందని అడగడం మొదలెట్టారు. కరెంటు పదకొండుసార్లు పోయింది. పదకొండుసార్లూ జనరేటర్ వేశారు. అరవై ఒకటో స్టెప్పు దగ్గర "పూర్తయినది" అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు ముక్క తెర మీద పడింది. పెద్దాయన ఆ ముక్కని అక్షరం అక్షరం బొమ్మ వేసినట్టు పుస్తకంలోకి ఎక్కించారు.

ఆనందం పట్టలేక ఒకటి నుంచి అరవై ఒకటి దాకా చదువుకుంటూ వెళ్ళాను. ముప్పై ఎనిమిది దగ్గర ఆగాను. ఆ వరుసలో "పెట్టె" కింద ఒక గీత ఉంది. అంతే. సంగతుల గడిలో "ఏరేటర్ తాడు తెగింది. నీళ్ళలో దిగేను" అని ఉంది.

"ఇదేమిటండీ, ఇది ఖాళీగా ఉంది?"

"మంగళవారం మధ్యాహ్నం అండి. తాడు తెగి చక్రం కొట్టుకుపోతుంటే దిగేనండి. వచ్చేసరికి కొత్త అంకె వచ్చేసింది."

"ముప్పై ఏడు ఉంది, ముప్పై తొమ్మిది ఉంది. మధ్యది వాటి మధ్యలోనే ఉంటుంది కదా. ఇలా ఇవ్వండి, వేసేస్తాను" అని పెన్ను తీశాను. పది పాయింట్ రెండుల నుంచి వచ్చిన చెయ్యి కదా, దానంతటదే లేచింది.

ఆయన పుస్తకం నా చేతిలోంచి లాక్కోలేదు. దాని మీద చెయ్యి వేసి ఉంచారు, అంతే.

"చూడని అంకె ఎలా రాస్తామండీ?"

నేనేదో నవ్వేసి వదిలేద్దామనుకున్నాను. ఆయనే మళ్ళీ చెప్పారు. "మొదటి పంటప్పుడు ఓ తెల్లారి నాకు జ్వరంగా ఉందండి. రోజూ నీళ్ళలో గాలి అయిదు ఉంటోంది కదా అని చూడకుండానే అయిదని రాసేసేను. ఎండెక్కేసరికి చెరువు సగం తేలిపోయింది. అయ్యగారు పుస్తకం చూసేరండి. అయిదని ఉంది. ఆయన నన్నొక్క మాట అనలేదు. మందు కంపెనీవాణ్ణి తిట్టేరు. వారం రోజులు అన్నం సయించలేదండి నాకు. ఆఖరికి వెళ్ళి చెప్పేసేను."

మా చినమామగారు ఆ సంగతి నాకు ఏనాడూ చెప్పలేదు. పెన్ను మూతపెట్టి సంచీలో వేసుకున్నాను. అయినా బస్సులో వస్తున్నంతసేపూ, ఆ ఒక్క గడీ నిండితే ఎంత ముచ్చటగా ఉండేదో అని పీకుతూనే ఉంది.

థీసిస్ గడువుకి మూడురోజుల ముందు ఇచ్చాను. హమ్మయ్య అనుకున్నాను. తర్వాత ఒకదాని వెంట ఒకటి జరిగాయి. చెరువుకి తెల్లమచ్చ జబ్బు వచ్చింది. కాళ్ళు ఎంత ముంచుకున్నా ఆగలేదు. చినమామగారు నీళ్ళు తీసేయించి, జనరేటర్ అమ్మేసి, చెరువు ఎండబెట్టారు. పెద్దాయన తిరిగి పడవ మీదికి వెళ్ళిపోయారు. ఉప్పుగాలికి నా కంప్యూటర్ హార్డ్‌డిస్క్ తుప్పుపట్టిందో ఏమో, ఒకరోజు గరగరమని మూలిగి ప్రాణం వదిలింది. లెక్క ఫలితం ఫ్లాపీలోనూ థీసిస్‌లోనూ ఉంది. స్టెప్పులన్నీ ఉన్న పెద్ద ఫైలు డిస్కుతోపాటే పోయింది. దాంతో ఎవరికి పనిలే అనుకున్నాను.

పనిపడింది. వైవాకి పదిరోజుల ముందు గైడుగారు ఫోన్ చేశారు. వేరే రాష్ట్రం నుంచి వచ్చే ఎగ్జామినర్ ఒక అనుమానం రాశారట. ఆ ఊళ్ళో, ఆ కరెంటుతో, అంత చిన్న కంప్యూటర్ మీద ఇంత పొడుగు లెక్క చివరిదాకా నడిచిందంటే నమ్మబుద్ధి కావట్లేదు, మధ్యలో ఆపేసి అయిపోయిందని రాసి ఉండొచ్చు, స్టెప్పుల వివరాలు వైవాలో చూపించాలి, లేకపోతే థీసిస్ వెనక్కి పంపుతానని.

వెనక్కి వస్తే ఇక నాకు గడువు లేదు. మళ్ళీ నడపడానికి కంప్యూటర్ లేదు, జనరేటర్ లేదు, చెరువే లేదు. ఉన్నది ఒక్కటే. చినమామగారి బీరువాలో రొయ్యల పుస్తకం.

తెచ్చుకున్నాను. వైవా ముందు ఆదివారం పొద్దున్న వంటింటి బల్ల మీద దాన్ని తెరిచి కూర్చున్నాను. దాచుకోవడం దేనికి, పెన్ను కూడా తెచ్చుకున్నాను, అదే నీలం సిరాది. ముప్పై ఎనిమిదో వరుసలో ఏ అంకె ఉండాలో లెక్కగట్టి పక్క కాగితం మీద వేసుకున్నాను. గీత ఎలాగూ ఉంది, మైనస్ లాగే ఉంది. దాని పక్కన అంకెలు వేస్తే సరి. అనుమానపడే మనిషి ముందు ఖాళీ గడి పెట్టడమేమిటి?

వెయ్యలేదు. నీతి అడ్డొచ్చిందని చెప్పుకోవాలని ఉంది గాని, అడ్డొచ్చింది ఏడంకె. నా శక్తులన్నీ మూడు వందల డెబ్బై ఏడుతో మొదలవుతాయి. పెద్దాయన ఏడు వేస్తే గేలం ముల్లులా కింద వంకర తిరిగి ఉంటుంది. కాగితం మీద పాతికసార్లు వేసి చూశాను. నాకు రాలేదు. పాతికో ఏడు దగ్గర ఆయన పుస్తకం మీద చెయ్యి వేసి నిలబడ్డ తీరు గుర్తొచ్చింది. ఛీ, ఏం చేస్తున్నాను నేను అనుకుని, ఆ కాగితం చింపి పొయ్యిలో పడేశాను.

వైవా గదిలో ఎగ్జామినర్‌గారు మర్యాదస్తులే. నవ్వు మాత్రం లేదు. ఇరవై నిమిషాలు మామూలు ప్రశ్నలయ్యాక, స్టెప్పుల రికార్డు ఏదన్నారు. అట్ట నూనె మరకలతో, మేత వాసనతో ఉన్న పుస్తకాన్ని ఆయన ముందు పెట్టాను. గైడుగారు తల పట్టుకున్నారు.

"ఇదేమిటి?" అన్నారు ఎగ్జామినర్‌గారు.

"రొయ్యల చెరువు రికార్డండి. ఆఖరి గడి నాది."

అప్పుడిక మొత్తం చెప్పేశాను. చెరువు, జనరేటర్, పెద్దాయన, పెద్ద అంగలు, నేను విసుక్కోవడం, అన్నీ. ఆయన తెలుగు రానివారు. అంకెల మీద వేలు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదువుకుంటూ వెళ్ళారు. ఊగిన పేజీన్నర చూశారు. రెండో లెక్క మొదలైన చోట నుంచి ఇంకా నెమ్మదించారు. వేలు ముప్పై ఎనిమిది దగ్గర ఆగింది.

"ఇది?"

"ఆ అంకె ఆయన చూడలేదండి."

"పక్కన ఏదో రాసి ఉంది. ఏమిటది?" అని గైడుగారి వైపు తిప్పారు.

గైడుగారు కళ్ళజోడు సవరించుకుని ఇంగ్లీషులోకి మార్చి చదివారు. ఏరేటర్ తాడు తెగింది. నీళ్ళలో దిగేను.

ఎగ్జామినర్‌గారు పుస్తకం మూయలేదు. ఆ గడి మీద వేలు అలాగే ఉంచి, "అరవై ఒక్క అంకెలూ నిండుగా ఉంటే నేను ఇంకా ప్రశ్నలు అడిగేవాణ్ణి. మధ్య అంకె వేసుకోవడం ఎవరికైనా క్షణం పని. ఇది వదిలేసినవాడు మిగతావి చూసే రాశాడు" అన్నారు. నన్ను బయట కూర్చోమన్నారు. అయిదు నిమిషాల్లో లోపలికి పిలిచి అభినందనలు చెప్పారు. ఆ పట్టిక యథాతథంగా థీసిస్ చివర అనుబంధంగా చేర్చాలని, గీతని గీతగానే ఉంచాలని షరతు పెట్టారు.

బయటికి వచ్చి వరండాలో నిలబడ్డాను. సంతోషం సరే, అంతకంటే ఎక్కువ భయం. వంటింటి బల్ల దగ్గర ఆ ఏడు నాకు వచ్చి ఉంటే ఏమై ఉండేది?

బైండు చేయించిన కాపీ రాగానే ఆ వారం మురమళ్ళ బస్సెక్కాను. ఏటిగట్టు కింద పెద్దాయన పడవ బోర్లించి తారు పూస్తున్నారు. నన్ను చూసి లేచి, చేతులు కిరసనాయిలుతో తుడుచుకున్నారు. జరిగిందంతా చెప్పాను. నేను పెన్ను పట్టుకుని కూర్చున్న సంగతి కూడా చెప్పాను. ఆయన అన్నిటికీ "ఆయ్" అన్నారు.

ఆయన్ని కూర్చోబెట్టి, థీసిస్ విప్పి ఒడిలో పెట్టాను. రెండువందల పేజీల ఇంగ్లీషు. ఆయన పేజీలు తిప్పకుండా ఊరికే చూస్తుంటే, ఆఖరి పట్టిక దగ్గరికి నేనే తిప్పాను. అంకెలు కనపడేసరికి ముఖం విచ్చుకుంది. పైనుంచి వేలు పెట్టుకుని మెల్లగా దిగారు. ముప్పై ఆరు, ముప్పై ఏడు. అచ్చులో గీత పడింది. అక్కడ ఆగారు. ఎంత తుడిచినా పోని తారు కాగితానికి కొంచెం అంటింది.

"అంకెలన్నీ ఆ పెట్టెవండి మేడంగారండీ" అన్నారు. "ఇది మాత్రం నాదండి."